అల్లిక పీకేసి చెక్క అమ్ముకుంటారేంటండీ

పాత సామాన్ల వ్యాపారం చేసేవాళ్ళతో నాకున్న పేచీ ఒక్కటే. వాళ్ళకి చెక్క కావాలి, అల్లిక అక్కర్లేదు. ఎవరింట్లోనైనా పేము అల్లిన వాలు కుర్చీ దొరికిందనుకోండి, గోడౌన్‌కి తేగానే ముందు చేసే పని ఆ అల్లికని కత్తిపెట్టి టరటరా కోసి అవతల పడేయడం, తర్వాత చట్రానికి ఉప్పు కాగితం కొట్టి, మెరిసిపోయేదాకా పాలిష్ లాగించి, మధ్యలో ప్లైవుడ్ ముక్కో ఫోమ్ దిండో ఇరికించి 'బర్మా టేకండి, తాతల నాటిది' అని హైదరాబాద్ పార్టీకి అంటగట్టడం. కొన్నాయన సంతోషంగా తీసుకెళ్ళి హాల్లో పెట్టుకుంటాడు. వెన్నుకి గాలి తగిలేలా కూర్చోబెట్టేది ఆ అల్లికేనన్న సంగతి అమ్మినోడికీ పట్టదు, కొన్నోడికీ పట్టదు.

నేను వెతికేది ఆ పారేసేదాన్ని. ఉత్త బుట్టలు కాదు, ఉత్త చెక్కడాలూ కాదు, రెండూ ఒకే వస్తువులో కలిసినవి. వడ్రంగి సగం చేసి ఇస్తే మేదరాయన మిగతా సగం పూర్తి చేసినవి, లేకపోతే ఆయన అల్లింది ఈయన తీసుకుని చట్రంలో బిగించినవి. మా కోనసీమలో ఇలాంటివి మండువా లోగిళ్ళలో ఎన్నో ఉండేవి, ఎవరూ వాటిని కళ అనుకోలేదు, సామాను అనుకున్నారు, సామానులాగే వాడేశారు. విరిగితే చెక్క ముక్క పీటకో గడపకో పనికొస్తుందని అటకెక్కించేవారు, అల్లిక ముక్క మాత్రం తిన్నగా భోగిమంటలోకి. అందుకే పాత చెక్కడాలు రిసార్టుల్లో, హోటళ్ళలో బోలెడు కనిపిస్తాయిగానీ వాటితోపాటు పుట్టిన అల్లిక దాదాపు కనపడదు.

మా ఆయన దీన్ని 'పుల్లల పిచ్చి' అంటారు. అత్తగారు మొదట్లో ఏమీ అనలేదు, ఇల్లంతా నిండాక 'మేం కష్టపడి బయట పారేసినవన్నీ నువ్వు డబ్బులిచ్చి లోపలికి తెస్తున్నావమ్మా' అన్నారు. నిజమే మరి.

నా దగ్గరున్నవాటిలో నాకు బాగా ఇష్టమైంది ఒక సారె పెట్టె. ముమ్మిడివరం దగ్గర పల్లెలో పాత ఇల్లు విప్పేస్తుంటే దొరికింది, లోపల తుప్పు మేకులు, చిరిగిన పంచాంగం కాగితాలు. మూరన్నర పొడుగు, మూరెడు వెడల్పు ఉంటుంది. చట్రం పనస చెక్క, నాలుగు పక్కలా మూతకీ సన్నటి వెదురు అల్లిక. మూలల్లో నిలువు కమ్ముల మీద తామర రేకులు, మూత ముందు కమ్మి మీద ఎదురెదురుగా రెండు చిలకలు, మధ్యలో అరటి గెల. చిలకలు అంత గొప్ప పనితనమేం కాదండి, ఒకదాని ముక్కు మొద్దు, రెండోదానికి కన్ను కాస్త కిందకి జారింది. వ్యాపారస్తుడెవరైనా ఈ చిలకల్నే చూసి రేటు కడతాడు. నేను మాత్రం చిల్లులు చూసి కొన్నాను.

చట్రం లోపలంచు పొడుగునా అంగుళం అంగుళానికి ఓ చిన్న చిల్లు ఉంది, ఆ చిల్లుల్లోంచి పేము చీలిక పోనిచ్చి అల్లికని చట్రానికి కట్టేశారు. బరమా పెట్టి చిల్లు పొడవడం ఏ వడ్రంగైనా చేస్తాడు. చూడాల్సింది చిల్లు నోరు. బయటివైపు ఎలా వచ్చిందలా వదిలేశాడు, లోపలి వైపు, అంటే పేము వంపు తిరిగే చోట మాత్రం, ప్రతి చిల్లుకీ అంచు చెక్కి నున్నగా గుండ్రం చేశాడు. ఎందుకంటే పదునంచు మీద పేము వంగితే పెట్టె ఎత్తినప్పుడల్లా రాపిడి పడి అక్కడే తెగుతుంది. పైగా ఆ చిల్లులు తిన్నగా లేవు, పేము ఏ దిక్కుకి లాగుతుందో ఆ దిక్కుకి కాస్త ఏటవాలుగా పొడిచాడు. మూత తీసి, తలకాయ లోపల పెట్టి, టార్చి వేసుకుంటే తప్ప కనపడని చోట ఇంత శ్రద్ధ ఎందుకండీ, పెళ్ళిలో అందరూ చూసే చిలక కన్ను మీద పెట్టకుండా!

మా ఊరి సంతకి చేటలు, బుట్టలు తెచ్చే మేదరి తాత ఒకాయన ఉన్నాడు, ఆయనకి ఈ పెట్టె చూపించాను. చిలకల వంక కూడా చూళ్ళేదు. చూపుడువేలు గోరుతో చిల్లులు ఒక్కొక్కటే తడుముకుంటూ పోయి, 'ఆయ్, ఈడెవడో మావోళ్ళ చేత బాగా తిట్లు తిన్న వడ్రంగేనమ్మా' అన్నాడు. అంతకుముందు చేసిన పెట్టెలకి అల్లిక తెగుంటుంది, మేదరాయన వచ్చి నీ చిల్లు వల్లే తెగింది అని గొడవేసుకుని ఉంటాడు, అప్పట్నుంచీ ఇలా చెక్కడం అలవాటు చేసుకుని ఉంటాడని తాత లెక్క. నాకు ఆ లెక్క తెగ నచ్చింది. ఆ తర్వాత పెట్టె ఎత్తి వెలుతురుకి పెట్టి చూసి ఇంకో మాటన్నాడు, 'అంతా పైబద్దేనమ్మా, బెండు ఒక్క పోగు కలపలేదు, ఇప్పుడైతే ఇలా నేను చేసినా కొనేవోడు లేడు.'

పైబద్ద సంగతి ఏంటంటే, వెదురుని నిలువునా చీల్చాక పచ్చటి తోలుండే పై పొర గట్టిది, లోపలికి పోయేకొద్దీ మెత్తన, అదే బెండు. పుచ్చు పురుగుకి కావాల్సింది వెదుర్లో ఉండే పిండి పదార్థం, అది ఆ మెత్తని భాగంలోనే ఎక్కువ. ఇప్పుడు కొన్న బుట్ట కింద కొన్నాళ్ళకే పసుప్పచ్చ పొడి రాలుతుంది చూడండి, అదీ సంగతి. మరి పాతవి అంతకాలం ఎలా నిలిచాయంటే పైబద్ద ఒక కారణం, పొయ్యి పొగ ఒక కారణం, మూడోది గోదారి. రంప ఏజెన్సీ వైపు, పాపికొండల వైపు నరికిన వెదుర్లూ కలపా తెప్పలుగా కట్టి నదిలో వదిలేసేవారు, అవి తేలుకుంటూ రాజమండ్రి దాకా వచ్చేవి, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు వచ్చాక లాకులు దాటుకుంటూ డెల్టా ఊళ్ళలోకి వచ్చేవి. అన్నాళ్ళు నీళ్ళల్లో నానితే పిండి చాలావరకు కరిగిపోతుంది, పురుగు వచ్చినా తినడానికేం ఉండదు. ఎవరూ ట్రీట్‌మెంట్ అనుకుని చేయలేదు, రవాణా చవకని చేశారు, ట్రీట్‌మెంట్ దానంతటదే జరిగిపోయింది. లారీ ఎక్కి వచ్చే వెదురుకి ఆ యోగం లేదు.

మేదరోళ్ళ కష్టానికి ఇంకో కారణం కూడా ఉంది, చాలామందికి తెలీదు. వెదురు నిజానికి గడ్డి జాతి. కానీ 1927 నాటి అటవీ చట్టం దాన్ని చెట్ల లెక్కలో వేసింది, అంటే మన పెరట్లో పెంచిన వెదురు కొట్టి బండెక్కించినా పర్మిట్ల గొడవ రావచ్చు. 2017లో చట్టం సవరించి అడవి బయట పెరిగే వెదుర్ని చెట్ల లెక్కలోంచి తీసేశారు. అప్పటికి తొంభై ఏళ్ళు గడిచిపోయాయి, ప్లాస్టిక్ తట్టలు వచ్చేశాయి, మేదరి వీధిలో కుర్రాళ్ళు వేరే పనులు చూసుకున్నారు. ఇప్పుడు వెదురంటే జనానికి మారేడుమిల్లి బొంగులో చికెనే గుర్తొస్తుంది. అదీ బాగుంటుంది లెండి, కాదనను.

తర్వాత కావిడి. ఆషాఢం సారె, శ్రావణం సారె, సీమంతం సారె, మా గోదావరి జిల్లాల్లో సారె పంపడం ఎంత హడావుడో మీకు చెప్పక్కర్లేదు, ఇప్పుడు వ్యాన్లలో డబ్బాలు పెట్టి వీడియోలు తీస్తున్నారు కదా, ఒకప్పుడు అదంతా కావిళ్ళ మీద వెళ్ళేది. భుజం మీద బద్ద, రెండు వైపులా తాళ్ళ ఉట్లు, ఉట్లలో గంపలు, గంపల్లో అరిసెలూ సున్నుండలూ. బద్దకి వాడింది సాధనపు వెదురు, లోపల బోలు ఉండదు, అడుగు వేసినప్పుడల్లా పైకీ కిందకీ ఊగుతుంది, ఆ ఊపుకి తగ్గట్టు నడిస్తేనే బరువు తెలీదట. నా దగ్గరున్న బద్దకి రెండు చివర్లా హంస తలలు ఉన్నాయి, విడిగా టేకుతో చెక్కి వెదురు కొనకి తొడుగులా ఎక్కించి అడ్డంగా కొయ్య చీల కొట్టారు. అందం కోసం అనుకుంటాం. పట్టుకుని చూస్తే హంస మెడ వంపు ఎక్కడుందో సరిగ్గా అక్కడే ఉట్టి తాడు రాసుకుని నల్లగా గాడి పడి ఉంది, బద్ద ఊగినా తాడు జారకుండా ఆపేది ఆ మెడే.

ఇలాంటి హంస తలలు విడిగా నాలుగైదు చోట్ల చూశాను, బద్ద నుంచి ఊడగొట్టి, వెనక స్క్రూ కొట్టి, చొక్కాలు తగిలించుకునే హుక్కులని అమ్ముతున్నారు! నాకు ఒళ్ళు మండిపోయింది. కావిడి మొత్తం ఉంటే ఎవరూ కొనరండి, గోడకి పట్టదు అన్నాడు షాపాయన. గంపలు ఏవయ్యా అంటే చెత్త పోయడానికి వాడుతున్నాడు, వాటికి లోపల మెంతులూ కాగితం గుజ్జూ కలిపి నూరి పూసిన పూత ఇంకా చెక్కు చెదరలేదు. ఆ గంపలే తెచ్చుకున్నాను, చెత్త గంపలకి డబ్బులేంటమ్మా అని నవ్వాడు. నవ్వితే నవ్వాడు.

వాలు కుర్చీల కథ కొంచెం వేరు. అది మన జానపద వస్తువు అనడానికి లేదు, దొరల బంగళాల్లోంచి మునసబు, కరణాల అరుగుల మీదకి వచ్చింది. కానీ వచ్చాక మనవాళ్ళు దాన్ని మనదిగా చేసేసుకున్నారు, చేతుల చివర ఏనుగు తొండాలు, తల దగ్గర పట్టీ మీద కలశం, తీగలు, ఒకదానికైతే నేను తాటికాయలు చూశాను. అల్లికది ఆరు దారుల లెక్క, నిలువు రెండు, అడ్డం రెండు, ఐమూల రెండు, ఆ క్రమం తప్పితే మధ్యలో వచ్చే ఎనిమిది మూలల గళ్ళు సాఫీగా రావు. మన దేశంలో చూపు లేనివాళ్ళకి ఈ పని నేర్పించడం చాలాకాలంగా ఉంది, సర్కారు ఆఫీసుల్లో కుర్చీలు అల్లే ఉద్యోగాల్లో వాళ్ళు ఉండేవారు. అల్లుతుండగా చూస్తే ఎందుకో అర్థమౌతుంది, కన్ను పెట్టి చూసేది తక్కువ, వేళ్ళతో లెక్కపెట్టేదే అంతా. ఐమూల పోగు ఒక జతకి పైనుంచి పోవాలి, రెండో జతకి కిందనుంచి, ఆ తేడా వేలికొసకి తగిలినంత చక్కగా కంటికి తెలీదు.

మా వైపు ఇవి ఒక్కసారిగా బజార్లోకి వచ్చింది 1996 తుఫాను తర్వాత. నవంబరు 6 రాత్రి, ఆ రాత్రి గురించి కోనసీమలో ఎవర్నడిగినా చెప్తారు. కొబ్బరి చెట్లు పోయాయి, పెంకుటిళ్ళు పోయాయి, పెంకులు లేచిపోయాక వాన నీరు తిన్నగా అటకల మీద పడింది. చెక్క ఆరబెట్టుకుంటే నిలిచింది. వెదురూ పేమూ బూజు పట్టి కుళ్ళిపోయాయి. మళ్ళీ ఇల్లు లేపాలంటే డబ్బు కావాలి, లారీలేసుకుని వచ్చినవాళ్ళకి స్తంభాలు, ద్వారబంధాలు, కుర్చీలు అమ్మేసుకున్నారు. అమ్మినవాళ్ళని ఏమనగలం, తలమీద నీడ ముందు కదా.

నా కలెక్షన్‌లో మన పనివాళ్ళ చెయ్యి తగలనిది ఒక్కటే ఉంది, కానీ అది మనదే అంటాను. రంగం, అంటే బర్మాలోని రంగూన్, నుంచి వచ్చిన లక్క పాత్ర. బౌద్ధులు గుడికి భోజనం పట్టుకెళ్ళేది, బర్మాలో సూన్ ఓక్ అంటారు. కింద గిన్నె, పైన అంతస్తులుగా లేచే మూత, గోపురంలా కొసదేలి ఉంటుంది. లోపల అస్థిపంజరమంతా వెదురు చుట్ట, పైన కొస మాత్రం తరిణె పట్టిన, అంటే గిర్రున తిప్పుతూ గుండ్రంగా చెక్కిన చెక్క, మొత్తం మీద ఎర్ర పూత. మనవాళ్ళు రంగం వెళ్ళని ఊరు డెల్టాలో తక్కువ, కోరంగి రేవు నుంచి అంతమంది వెళ్ళారు కాబట్టే అక్కడ తెలుగువాళ్ళని కోరంగీలని పిలిచేవారు. రేవుల్లో కూలీలు, మిల్లుల్లో కూలీలు, రిక్షాలు లాగినవాళ్ళు. 1941 డిసెంబరులో జపానువాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశాక, 42లో లక్షలమంది భారతీయులు ఎలా వీలైతే అలా బయల్దేరారు, ఎంతోమంది కొండలూ అడవులూ పట్టి నడిచే వచ్చారు. ఈ పాత్ర నాకిచ్చిన మామ్మగారి మామగారు దాన్ని అంతకుముందే, మంచిరోజుల్లో, ఓడ మీద తెచ్చారట. నడిచొచ్చినవాళ్ళు ఇలాంటివి ఎక్కడ తెస్తారు.

అది మన ఇంట్లో ఏం చేసిందనుకున్నారు? పెరుగు వడియాలు దాచుకున్నారు. బౌద్ధుల నైవేద్యం పాత్రలో పెరుగు వడియాలు, దానివల్ల పాత్రకేం నష్టం జరగలేదు, లోపల చిన్న వాసన తప్ప. దాని పూత గురించి ఓ మాట చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు దీన్ని ఏటికొప్పాక బొమ్మల లక్కతో కలిపేస్తారు. ఏటికొప్పాకది పురుగు నుంచి వచ్చే లక్క, అంకుడు కర్రని తరిణె మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది, కాబట్టి వేడి తగిలితే మళ్ళీ మెత్తబడుతుంది. బర్మాది థిట్సీ అనే చెట్టు జిగురు, అది ఎండలో ఆరదు, తేమ ఉన్న చల్లటి చోట నెమ్మదిగా గట్టిపడుతుంది, ఒకసారి గట్టిపడిందంటే వేడికి కరగదు. అందుకే పొర మీద పొర వేసుకుంటూ నెలలు పడుతుంది. మన డెల్టా ఉక్క దానికి బాగా సరిపడినట్టుంది, పొడి ఊళ్ళకి వెళ్ళిన ఇలాంటి పాత్రలు పగుళ్ళిస్తాయి, నాది ఇవ్వలేదు.

బోస్టన్ దగ్గరుండే మా పిన్ని కొడుకు ఈమధ్య ఓ ఫొటో పంపాడు, అక్కా నీ పిచ్చోళ్ళు ఇక్కడా ఉన్నారు అని. నాన్‌టకెట్ అని అక్కడ సముద్రంలో ఓ చిన్న దీవి, తిమింగలాల వేటకి పేరుమోసింది. ఓడలు ఇసక మేటల మీద ఎక్కకుండా సముద్రం మధ్యలో లంగరేసి దీపం వెలిగించుకుని ఉండే నౌకలు ఉండేవి, 1850ల తర్వాత ఆ దీపపు నౌకల్లో నెలల తరబడి కూర్చున్న నావికులు ఊసుపోక పేము బుట్టలు అల్లడం మొదలెట్టారు, అవి ఆ దీవికే గుర్తయిపోయాయి. ఆ బుట్టకి అడుగు చెక్క, గుండ్రంగా తరిణె పట్టి అంచు చుట్టూ గాడి తీస్తారు, నిలువు బద్దలు ఆ గాడిలో దిగుతాయి, చెక్క అచ్చు మీద పెట్టి చుట్టూ పేము అల్లుతారు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన హోసె ఫొర్మోసో రేయెస్ అనే ఆయన 1948లో దానికి మూత పెట్టి ఆడవాళ్ళ హ్యాండ్‌బ్యాగ్ చేశాడు, మూత మీద చెక్కిన చిన్న తిమింగలం, అంతే, ఫ్యాషన్ అయిపోయింది. ఫొటో చూసినప్పుడు నాకు ముందు కనిపించింది తిమింగలం కాదు, అడుగు చెక్క మీద అల్లినాయన పేరు. పాత బుట్ట దొరికితే తిరగేసి పేరు చూసి ధర కడతారట. మన సారె పెట్టె ఎంత తిరగేసినా పేరుండదు, వడ్రంగిదీ ఉండదు, మేదరాయనదీ ఉండదు, పెట్టె ఇచ్చిన పుట్టింటివాళ్ళ ఇంటిపేరు మాత్రం ఉంటుంది కొన్నిటికి, గొప్పగా, పెద్దక్షరాలతో.

మీలో ఎవరైనా కొనాలనుకుంటే నకిలీల గురించి రెండు ముక్కలు. కొత్తగా అల్లించి టీ డికాక్షన్‌లోనో పర్మాంగనేట్ నీళ్ళలోనో ముంచి పాతదనేవాళ్ళు ఉన్నారు. నేను చేసేదేంటంటే సూది పెట్టి వదులుగా ఉన్న ఒక పోగు కొంచెం పక్కకి జరుపుతాను. నిజంగా పాతదైతే పైన నల్లగా, పోగుల కూడలి కింద వెలుతురూ పొగా తగలని చోట లేత రంగుగా ఉంటుంది. రంగులో ముంచిందైతే కింద కూడా అదే నలుపు. తరిణె పట్టిన గుండ్రటి చెక్క ఉంటే దారంతో రెండు వైపులా కొలవండి, పాత చెక్క ఈనెకి అడ్డంగా ఎక్కువ కుంచించుకుపోతుంది కాబట్టి పూర్తి గుండ్రంగా ఉండదు, కాస్త కోలగా తేలుతుంది. కచ్చితంగా గుండ్రంగా ఉంటే అనుమానించండి. బూట్ పాలిష్ వాసనొస్తే ఇంక కొలవడం కూడా అనవసరం, నమస్కారం పెట్టి వచ్చేయడమే.

కొన్నాక పురుగు సంగతి. మందులు కొట్టకండి, వార్నిష్ అసలే వద్దు. మ్యూజియంలవాళ్ళు చేసే పని ఏంటంటే వస్తువుని పాలిథీన్ కవర్లో గాలి పోకుండా చుట్టి మైనస్ ఇరవై డిగ్రీల్లో వారం పది రోజులు ఉంచడం, గుడ్లతో సహా చస్తాయి. మన దగ్గర అంత ఫ్రీజర్ ఎక్కడుందంటారా, డెల్టాలో ఉండి ఆ ప్రశ్న వేయకూడదు, రొయ్యల పుణ్యమా అని కోల్డ్ స్టోరేజీలకి లోటేంటండి. భీమవరం వైపు మాకు తెలిసినాయన దగ్గర ఓ మూల ఇస్తాడు, ఎగుమతి రొయ్యల పక్కన నా గంపలు. మొదటిసారి పంపినప్పుడు అక్కడి కుర్రాళ్ళు 'మేడం, ఇందులో ఏం రొయ్య ఉంది' అని ఫోన్ చేశారు. బయటికి తీశాక కవర్ వెంటనే విప్పకూడదు, మామూలు వేడికి వచ్చేదాకా ఆగాలి, లేకపోతే చెమ్మ పట్టేస్తుంది. లక్క పూసినవి, రంగులు వేసినవి మాత్రం పెట్టకండి, లోపలి చెక్కా పైపూతా ఒకేలా ముడుచుకోవు, పూత లేచిపోతుంది.

ఈ పనులన్నీ చచ్చిపోయాయి కదా, ఎందుకు ఏడుస్తావు అని ఒకరిద్దరు అడిగారు. పూర్తిగా ఏం చావలేదండి. కనుమ రోజు జగ్గన్నతోట తీర్థానికి రండి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పదకొండు రుద్రుల ప్రభలు వస్తాయి. ఒక్కో ప్రభకీ కింద చెక్క పని, పైన వెదురు బద్దలు వంచి కట్టిన చట్రం, దానిమీద రంగు రంగుల గుడ్డలు, నూలు కుచ్చులు. అంత ఎత్తు ప్రభని భుజాల మీద పెట్టుకుని వరి చేలల్లోంచి, కౌశిక కాలవ దాటించి తీసుకొస్తారు, 'ఓం శరభ' అని అరుస్తుంటే నాకైతే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్రం శకటం ఇదే. జనం దండలూ డ్రోన్ షాట్లూ చూస్తారు, నేను వెనక్కి వెళ్ళి వెదురు కట్టు చెక్కని ఎక్కడ పట్టుకుందో చూస్తాను, ముడి ఏం తాడుతో వేశారో చూస్తాను. ఏడాదికోసారి గట్టి గాలికి ఎదురు నిలబడాల్సిన పని కాబట్టి అక్కడ మోసం కుదరదు.

పిన్ని కొడుకు సారె పెట్టె తనకి ఇమ్మంటున్నాడు, ఇంట్లో పెట్టుకుంటాడట. నూరేళ్ళు దాటిన పనితనం వస్తువుని దేశం దాటించకూడదురా, 1972 నాటి పురావస్తువుల చట్టం అని ఉంది, పైగా నీ ఇంట్లో చలికాలం హీటర్ గాలికి పనస చెక్క బీటలిస్తుంది అని చెప్పాను. రెండో కారణమే పనిచేసింది.

ఇప్పుడు నా కళ్ళన్నీ ఒక పల్లకి మీద ఉన్నాయి. రాజోలు వైపు ఒక ఇంట్లో అన్నదమ్ములు ఇద్దరు, ఆస్తి పంపకాల్లో పల్లకి బొంగు, దాని కొసకున్న కొయ్య సింహం తల తమ్ముడి వాటాకి వచ్చాయట, ఆయన వైజాగ్‌లో ఉంటాడు. పేము అల్లిన అడుగు మాత్రం ఎవరి వాటాలోనూ లేదు, పశువుల పాకలో చూరుకి వేలాడుతోంది, దాని మీద కోడి గుడ్లు పెడుతోంది. అడుగు ఊరికే పట్టుకెళ్ళండి, సింహం సంగతి మా తమ్ముడు పండక్కి వస్తే మాట్లాడదాం అన్నాడు పెద్దాయన. నేను ఊరికే తీసుకోనండి, రెండూ కలిపి రేటు చెప్పండి, ఒకచోటే ఉండాలి అన్నాను. సరే గానీ, ఈలోగా భోగికి మా మనవలు ఆ పాకంతా గాలిస్తారు, వేసేస్తే నన్నడగొద్దు అంది వాళ్ళావిడ. కోడిని లేపకండి వదినగారూ, కోడి ఉన్నంతసేపు పిల్లలు దాని జోలికి రారు అని చెప్పి వచ్చాను గానీ నమ్మకం లేదు, భోగి ముందురోజు పొద్దున్నే నేనే వెళ్తున్నా.